పునర్వివాహం తర్వాత భరణం, ఫ్యామిలీ పెన్షన్

సోదరి గారికి నమస్కారం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో రిటైరై పాత పద్ధతి పెన్షన్‌తో బెంగళూరులో ఉంటున్న మీ అన్నయ్యగారు, మళ్ళీ పెళ్లి చేసుకున్న మాజీ భార్యకు భరణం ఆపేయవచ్చా, తన తర్వాత పెన్షన్ ఆమెకు వెళ్తుందా, లేక ఈమధ్య తాను పెళ్లాడిన భార్యకు వస్తుందా అని అడిగారు.

దయచేసి తనంతట తాను డబ్బు ఆపవద్దని చెప్పండి. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద ఇచ్చిన భరణమైతే, ఆమె పునర్వివాహంతో ఆ ఉత్తర్వు దానంతటదే రద్దయిపోదు. తీర్పు ఇచ్చిన కోర్టులోనే 25(3) కింద దరఖాస్తు వేసి, ఆ పెళ్లికి రుజువు చూపి మార్పించుకోవాలి. అంతవరకు ఇవ్వని ప్రతి నెలా బకాయిగా పేరుకుపోతుంది, దాని వసూలుకు ఆమె ఎగ్జిక్యూషన్ పిటిషన్ (తీర్పును అమలు చేయించమని కోర్టును కోరే దరఖాస్తు) వేయవచ్చు. ఆ అవకాశం ఇవ్వకండి.

పెన్షన్ గురించి ఆందోళన అక్కర్లేదు. విడాకులైన భార్యకు ఫ్యామిలీ పెన్షన్ (పెన్షనర్ తదనంతరం కుటుంబానికి వచ్చే పెన్షన్) హక్కు లేదు. రిటైరయ్యాక చట్టబద్ధంగా చేసుకున్న పెళ్లి అయినా ఇప్పటి భార్యకు ఆ హక్కు ఉంటుంది. చాలామంది పొరబడేది నామినేషన్ దగ్గర: ఫ్యామిలీ పెన్షన్ నామినేషన్‌ను బట్టి కాక, నిబంధనలను బట్టి వస్తుంది. మామూలు రేటు చివరి జీతంలో 30 శాతం, కనీసం రూ. 9,000, దానిపై డి.ఆర్. (ధరల పెరుగుదలకు ఇచ్చే కరువు సాయం) అదనం.

అయితే ఇప్పటి భార్య పేరు పీపీఓలో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) చేరాలి. విడాకుల డిక్రీ సర్టిఫైడ్ కాపీ, వివాహ ధృవపత్రం, జంట ఫోటో జతచేసి, ఆయన రిటైరైన కార్యాలయానికి ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి. ఆయన ఉండగా సంతకంతో అయ్యే పనికి, తర్వాత ఆమె ఒంటరిగా తిరగాల్సి వస్తుంది. సవరించిన పీపీఓలో ఆమె పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో అక్షరం అక్షరం చూసుకోండి.