మవాషీ గెరీకి మీగాలా, ముంగాలా?

మవాషీ గెరీ, అంటే పక్క నుంచి తిప్పి తన్నే తన్ను, వేసినప్పుడల్లా మీగాలు వాచిపోతోందని, పాదంలో ఏ భాగంతో కొట్టాలని అడిగారు. ఏళ్ల తరబడి కరాటే చేస్తూ, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను కాబట్టి నా అనుభవం చెబుతాను.

మీ పాదం సంగతి తరువాత, ముందు ప్రత్యర్థి మోచేయి ఎక్కడుందో చూడండి. పక్కటెముకలకు గురిపెట్టిన తన్ను చాలాసార్లు తగిలేది దానికే. మీగాలులో పలచని చర్మం కింద సన్నటి పొడవాటి ఎముకలు అయిదు ఉంటాయి. మోచేతి మొనకు అవి తగిలితే వాయడమే కాదు, విరగవచ్చు కూడా. అందుకే నేను మీగాలును తలకు వేసే తన్నుకే అట్టిపెడతాను. ప్రపంచ కరాటే సమాఖ్య పోటీల్లో తలకు తగిలిన తన్నుకు 3 పాయింట్లు, కానీ అదుపు తప్పకూడదు. చదునుగా తాకే మీగాలు అక్కడ చక్కగా పనికొస్తుంది. నడుము పైన పక్కటెముకలకైతే పాత పద్ధతిలో ముంగాలు, అంటే వేళ్ల మొదట్లో ఉండే అరికాలి ముందు భాగం మేలు, దెబ్బ లోతుగా దిగుతుంది. బరువైన పంచింగ్ బ్యాగు మీదైతే ముయే థాయ్ (థాయ్‌లాండ్ యుద్ధకళ) వాళ్ల దారిలో మోకాలి కింది ఎముకతోనే కొట్టండి.

ముంగాలుతో చిక్కేమిటంటే చీలమండ ముందుకు చాచి, వేళ్లు మాత్రం వెనక్కి విరవాలి. కొత్తవాళ్లు రెండూ చాచేస్తారు, బొటనవేలు మడతపడి కేక పెడతారు. మడమలు బాగా పైకెత్తి ముంగాళ్ల మీద నిలబడండి. ఆ క్షణంలో మీ పాదం ఏ ఆకారంలో ఉందో, ఎదురు తన్ను మాయే గెరీలో సరిగ్గా అదే ఆకారం కావాలి. గోడ పట్టుకుని అలా నిలబడి, ఆకారం చెదరకుండా ఒక కాలు మెల్లగా ఎత్తడం నేను పిల్లలతో రోజూ చేయిస్తాను. వాళ్లకు ఇది పరమ విసుగు.

పక్క తన్నుకు పాదం బయటి అంచు అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ అంచులోనూ మడమ వైపు భాగాన్నే నమ్మండి. చిటికెన వేలి వైపు తగిలితే చీలమండ మెలిపడుతుంది. మడమ ఎముక పాదంలో అన్నిటికన్నా పెద్దది, పైగా కాలి ఎముకలకు దాదాపు తిన్నగా ఉంటుంది, కాబట్టి బలం దారి తప్పదు. వెనక్కి తన్నడానికీ మడమే. మవాషీ గెరీకి మాత్రం అది అందదు, అక్కడ ప్రయత్నించకండి.

మీరు తైక్వాండో పోటీలకు వెళ్లే ఆలోచనలో ఉంటే లెక్క వేరు. 2012 లండన్ ఒలింపిక్స్ నుంచి అక్కడ ఛాతీ కవచం ఎలక్ట్రానిక్‌ది, కాలి సాక్సులోనూ సెన్సర్లుంటాయి. ఏ భాగంతో తాకాలో ఆ సాక్సే చెబుతుంది!

బూటు వేసుకుంటే వేళ్లు వెనక్కి విరవడం కుదరదు, అప్పుడు మడమ, మోకాలి కింది ఎముక, అంతే.

ఇక ఆ వాపు: ఒకే చోట నొక్కితే ప్రాణం పోయేలా ఉంటే, లేదా కాలు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించుకోండి. తగ్గేదాకా ఆ కాలితో బ్యాగు జోలికి వెళ్లకండి.