జంతువుల షెల్టర్లలో చావులు తగ్గించే చట్టాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: ఆరోగ్యంగా ఉన్న కుక్కను చోటు చాలదని చంపడానికి కాలిఫోర్నియా చట్టం ఒప్పుకుంటుందా? (శాక్రమెంటో పాఠకురాలు)

దత్తతకు పనికొచ్చే జంతువునూ, వైద్యంతో కోలుకోగలిగిన జంతువునూ చంపకూడదన్నది 1998 నాటి హేడెన్ చట్టం ప్రకటించిన రాష్ట్ర విధానం. ప్రకటన సంగతి అలా ఉంచితే, పనిచేసేవి దాని కింద ఉన్న నిబంధనలే. మొదటిది గడువు, అంటే దొరికిన జంతువును షెల్టర్ తప్పకుండా ఉంచాల్సిన కాలం. అంతకుముందు వీధి కుక్కను 72 గంటలు ఉంచితే సరిపోయేది. హేడెన్ చట్టం దాన్ని, వచ్చిన రోజు కాక, ఆరు పనిదినాలు చేసింది. వారంలో ఒక సాయంత్రం ఏడింటిదాకా గానీ, శని ఆదివారాల్లో ఒకరోజు గానీ తెరిచే షెల్టర్‌కు నాలుగు పనిదినాలు చాలు. ఈ సడలింపు తెలివైనది. ఉద్యోగం చేసే యజమాని పగలు వచ్చి తన కుక్కను వెతుక్కోలేడు కదా!

చిక్కంతా డబ్బు దగ్గర వచ్చింది. స్థానిక సంస్థల మీద కొత్త బాధ్యత పెడితే ఆ ఖర్చు రాష్ట్రమే ఇవ్వాలి, లేదంటే బాధ్యతను నిలిపివేయాలి. 2009 ఆర్థిక సంక్షోభంలో రాష్ట్రం రెండో దారి పట్టింది. దాంతో పెంచిన గడువును పాటించడం షెల్టర్ల ఇష్టానికి మిగిలింది.

నిలిచింది మరో నిబంధన: 501(సి)(3), అంటే లాభాపేక్ష లేని సంస్థగా పన్ను చట్టం కింద గుర్తింపు ఉన్న రెస్క్యూ సంస్థ (జంతువులను కాపాడి ఇళ్లు వెతికే సంస్థ) చంపకముందే అడిగితే కుక్కను ఆ సంస్థకు ఇవ్వాలి. మామూలు దత్తత రుసుముకు మించి తీసుకోకూడదు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు డిపాజిట్ ఉంటే అది వేరు. కోలుకోలేని బాధలో ఉన్న జంతువులకూ, ప్రమాదకరమైన కుక్కలకూ ఇది వర్తించదు. ఈ హక్కు సంస్థదే, మీది కాదు. కాబట్టి కుక్క ఐడీ నంబరుతో సహా ముందు సంస్థకు చెప్పండి. వాళ్లు షెల్టర్‌కు ఈమెయిల్‌లో రాయాలి: ఐడీ నంబరు, తమ గుర్తింపు వివరాలు, వచ్చి తీసుకెళ్లే రోజు, వేళ. ‘ఆసక్తి ఉంది’ అని ఫోన్లో చెప్పి ఊరుకుంటే తర్వాత రుజువు ఉండదు.

ప్ర: కొత్త బిల్లులో ఏమేం ఉండాలని అడగాలి?

గడువు పెంచమని మాత్రమే అడగొద్దు. రోజుకు వచ్చే కుక్కల సంఖ్యను ఒక్కోటి సగటున ఉండే రోజులతో గుణిస్తే కావలసిన బోన్ల లెక్క వస్తుంది. రోజుకు పది కుక్కలు, సగటున నాలుగు రోజులు అంటే 40 బోన్లు. ఏడు రోజులైతే 70. బోన్లు 60 ఉన్నచోట గడువు ఒక్కటే పెంచితే కిక్కిరిసి, దగ్గు, పార్వో అనే వైరస్ జబ్బు పాకి, కాపాడాలనుకున్న కుక్కలే జబ్బుపడతాయి. బయటికి వెళ్లే దారులు కూడా పెరగాలి.

ఆ దారుల సంగతి బాగా రాసుకున్న చట్టం అమెరికాలోని డెలావేర్ రాష్ట్రానిది (2010). అక్కడ చంపే ముందు కొన్ని షరతులు తీరాలి: గడువు ముగియాలి, ఖాళీ బోను ఉండకూడదు, మరో జంతువుతో కలిపి ఉంచడం కుదరకూడదు, ఫోస్టర్ ఇల్లు (తాత్కాలికంగా పెంచే ఇల్లు) దొరకకూడదు, రెస్క్యూ సంస్థలకు తెలియజేసినా ఎవరూ ముందుకు రాకపోవాలి, వేరే దారి లేదని షెల్టర్ అధిపతి ధ్రువీకరించాలి. చివరి షరతు ముఖ్యం, సంతకం పెట్టాల్సి వస్తే చెయ్యి కాస్త ఆగుతుంది.

కాలిఫోర్నియాలో 2023లో వచ్చిన ‘బోవీ’ బిల్లు, చంపడానికి 72 గంటల ముందు బహిరంగంగా ప్రకటించాలని కోరింది. చట్టం కాలేదు. ఇలాంటి బిల్లులు ఎక్కువగా ఖర్చులు పరిశీలించే అప్రాప్రియేషన్స్ కమిటీలోని ‘సస్పెన్స్ ఫైల్’లో (ఖర్చు ఎక్కువయ్యే బిల్లులను పక్కన పెట్టే జాబితాలో) ఆగిపోతాయి, అక్కడ చూసేది ఖర్చే. మీ ఉత్తరంలో జాలి కథ ఒక పేరా చాలు, మిగతాది ఖర్చు గురించే రాయండి.

ప్ర: నాది హెచ్1బీ వీసా. బిల్లుకు మద్దతు తెలపవచ్చా?

నిస్సందేహంగా. ఉత్తరం రాయవచ్చు, బిల్లుపై శాసనసభ కమిటీ జరిపే విచారణలో మాట్లాడవచ్చు. పౌరసత్వం ఓటుకే అవసరం. ఎన్నికల విరాళం మాత్రం ఇవ్వకండి. గ్రీన్‌కార్డు లేని విదేశీయులకు అది ఏ స్థాయి ఎన్నికకైనా నిషిద్ధం. ‘బిల్లు పెట్టిన సభ్యుడికి పది డాలర్లే కదా’ అని పంపినా తప్పే.

ఉత్తరం మొదటి వరుసలో బిల్లు నంబరు, ‘మద్దతు’ అన్న మాట ఉండాలి. శాసనసభ పొజిషన్ లెటర్ పోర్టల్‌లో విచారణకు కనీసం వారం ముందు పెట్టండి. ఆలస్యమైతే కమిటీ విశ్లేషణలోని మద్దతుదారుల జాబితాలోకి ఎక్కదు. సిటీ కౌన్సిల్ అయితే ఇంకా తేలిక: మామూలు సమావేశం ఎజెండా 72 గంటల ముందే పెట్టాలి, మాట్లాడటానికి పేరు చెప్పాలన్న నిబంధన కూడా లేదు.

ప్ర: మన దేశంలోనూ ఇలాగే చంపుతారా? (వరంగల్)

చోటు లేదని చంపడం మన నిబంధనల్లో లేదు. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం వీధి కుక్కకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి; బడులు, ఆసుపత్రుల వంటి చోట్ల పట్టినవాటిని మాత్రం తిరిగి అక్కడ వదలొద్దని 2025లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నయంకాని జబ్బు, ప్రాణాంతక గాయం ఉన్నవాటికే యూథనేషియా (బాధ లేకుండా చంపడం), అదీ పశువైద్యుడి చేత.

ప్ర: మా షెల్టర్ ‘నో కిల్, 90 శాతం’ అని బోర్డు పెట్టింది. నమ్మవచ్చా?

ఆ శాతం ప్రాణంతో బయటికి వెళ్లిన జంతువుల వాటా. భాగహారంలో కింద ఏ సంఖ్య వేశారో అడగండి. ఉదాహరణకు ఏడాదిలో లెక్క తేలిన జంతువులు 1,000. ప్రాణంతో వెళ్లినవి 780, షెల్టర్ చంపినవి 100, యజమాని కోరికపై చంపినవి 70, బోన్లోనే చనిపోయినవి 50. అన్నీ కలిపితే 78 శాతం. చివరి రెండు వర్గాలనూ తీసేస్తే అదే షెల్టర్‌కు 88.6 శాతం వస్తుంది! టెక్సస్‌లోని ఆస్టిన్ 2011లో 90 దాటి, తర్వాత లక్ష్యాన్ని 95కి పెంచుకుంది. పిమ్మట కిక్కిరిసి ఇబ్బంది పడింది కూడా. అందుకే శాతంతోపాటు ఎన్ని జంతువులను తీసుకున్నారో, ఎన్నిటిని చేర్చుకోకుండా తిప్పి పంపారో చూడాలి.

కాలిఫోర్నియా ప్రభుత్వ షెల్టరైతే పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద ఈమెయిల్ పెట్టండి. వాళ్లు 10 రోజుల్లో జవాబివ్వాలి, మీరు కారణం చెప్పనక్కర్లేదు. ‘మొత్తం సమాచారం’ అని అడిగితే గడువు పొడిగించుకుంటూ పోతారు. ఒక్క ఏడాదికి, ప్రతి జంతువు వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ, ఏమైందో, చంపితే కారణం అని నాలుగే గడులు స్ప్రెడ్‌షీట్‌గా ఇమ్మని కోరండి.