తాతగారి సిగ్నల్ లాంతరు, స్క్రాప్ షాపులో టోకెన్

ప్రశ్న: నమస్తే సార్. మా తాతయ్య డోర్నకల్ వైపు రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసేవారు. ఆయన ట్రంకు పెట్టెలో మూడు రంగుల చేతి లాంతరు దొరికింది, మీద ఎన్.ఎస్.ఆర్. అని ఉంది. పచ్చ గాజు మాత్రం నీలంగా ఉంది, ఎవరైనా మార్చేశారా? పాలిష్ పెట్టించొచ్చా? అదే పెట్టెలో రెండు రేకు పట్టీలున్న గుండ్రటి డబ్బీ కూడా ఉంది, మూత రావట్లేదు. ఇలాంటి పాత సిగ్నల్ సామాను ఇంకా సేకరించాలని ఉంది. ఒక స్క్రాప్ షాపులో స్టేషన్ల కోడ్‌లున్న బాల్ టోకెన్ చూశాను, కొనమంటారా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ డబ్బీ సంగతి. మూత తీసే ప్రయత్నం ఆపేయండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది డిటోనేటర్, అంటే ఫాగ్ సిగ్నల్ అయ్యుండొచ్చు. పొగమంచులో డ్రైవర్‌కి సిగ్నల్ కనపడదని ఆ పట్టీలతో పట్టా మీద బిగిస్తారు, ఇంజిన్ చక్రం ఎక్కగానే పేలుతుంది. లోపల మందు ఉంటుంది. కదపకుండా, పిల్లల్ని అటు పోనీకుండా పోలీసులకి ఫోన్ చేయండి, ప్లీజ్.

ఇక లాంతరు, చాలా మంచి వస్తువు దొరికింది మీకు! 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేని కొనేశాక అది నిజాం స్టేట్ రైల్వే (ఎన్.ఎస్.ఆర్.) అయింది, 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది, కాబట్టి ఆ ముద్ర ఆ మధ్యకాలానిదే అయ్యుండాలి. గాజు ఎవరూ మార్చలేదు. కిరోసిన్ మంట పసుపుగా ఉంటుంది కదా, దాని ముందు నీలం కలిసిన గాజు పెడితేనే దూరానికి పచ్చగా కనిపిస్తుంది. షోపీసులుగా అమ్మే కొత్తవాటిలో చాలావరకు మామూలు పచ్చ గాజే ఉంటుంది, పైభాగం తిప్పినా లోపల రంగులు మారవు, మీ దాంట్లో మారుతున్నాయేమో చూడండి. పాలిష్ మాత్రం వద్దు. బఫింగ్ మిషన్ పెడితే ముద్ర అరిగిపోతుంది, పాత పెయింటూ పోతుంది, ఆ రెండూ పోయాక అది ఏ రైల్వేదో చెప్పడానికి ఏం మిగలదు. పొడిగుడ్డతో తుడిచి, తుప్పున్న చోట కాస్త మెషిన్ ఆయిల్ రాయండి చాలు. తాతగారి సర్వీసు కాగితాలు, లాంతరు పట్టుకున్న ఫోటో లాంటివి ఉంటే దాంతోపాటే దాచండి.

టోకెన్ మాత్రం ఇప్పుడే కొనకండి. సింగిల్ లైన్ మీద బండి వెళ్లడానికి అనుమతిగా డ్రైవర్‌కిచ్చే లోహపు బంతి అది, స్టేషన్‌లో ఉండే ఒక మిషన్ లోంచి తీస్తారు. పక్కపక్క స్టేషన్లలోని ఆ మిషన్లు రెండూ కరెంటుతో ముడిపడి ఉంటాయి, ఒక బాల్ బయటికొస్తే అది తిరిగి ఏదో ఒక మిషన్‌లో పడేదాకా రెండో బాల్ రెండు వైపులా రాదు. ఆ బాల్ చేతికొస్తేనే డ్రైవర్ బండి కదిలిస్తాడు, ఎదురుగా ఇంకో బండి రాదని ఆయనకున్న భరోసా అదే. అలాంటిది స్టేషన్ కోడ్‌లతో సహా స్క్రాప్ షాపులో ఉందంటే ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగాల్సిందే. టోకెన్ సిస్టమ్ తీసేసిన సెక్షన్లవి వేలంలో బయటికొచ్చి ఉండొచ్చు, దొంగ సరుకూ కావచ్చు. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ప్రకారం దొంగిలించిందని అనుమానమున్న రైల్వే వస్తువు మీ దగ్గర దొరికితే, అది న్యాయంగా వచ్చిందని నిరూపించుకోవాల్సింది మీరే. మొదటి నేరానికే ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు.

రైల్వే తన తుక్కుని ఆన్‌లైన్ వేలంలో లాట్లుగా అమ్ముతుంది, ఒక్క టోకెన్ కోసం మనం లాటంతా కొనలేం కాబట్టి వేలంలో కొన్న వ్యాపారినే పట్టుకోవాలి. ఆ షాపువాణ్ణి వేలం కాగితాల కాపీ అడగండి. మీ బిల్లులో "పాత ఇనుము" అని కాకుండా టోకెన్ అనీ, దాని మీదున్న స్టేషన్ కోడ్‌లూ రాయించండి. అలా రాసివ్వనంటే వదిలేసి వచ్చేయండి.