ఇస్త్రీ పెట్టెతో వెనీర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అన్నా, 18 ఎంఎం కమర్షియల్ ప్లైతో పుస్తకాల అల్మరా నేనే చేసుకున్నాను. టేకు వెనీర్ (అందానికి ప్లై మీద అంటించే పల్చటి చెక్క పొర) షీటు కొనుక్కొచ్చి, వీడియోలో చూసినట్టే ఫెవికాల్ రాసి ఇస్త్రీ పెట్టె పెట్టాను. ఎంతసేపు రుద్దినా అంటుకోదే! షీటు మందం 4 ఎంఎం. తప్పెక్కడుంది? (నల్లగొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తప్పు షీటుది, మీది కాదు. మన దగ్గర షాపులో వెనీర్ అని అడిగితే ఎక్కువగా ఇచ్చేది పల్చటి ప్లై మీద ముందే అంటించిన 8x4 షీటే. 4 ఎంఎం చెక్క దాటి వేడి కింది గమ్ దాకా పోవాలంటే పైన చెక్క మాడాల్సిందే. దాన్ని మామూలుగా ఫెవికాల్ రాసి, బరువులు పెట్టి రాత్రంతా వదిలేయండి, సరిపోతుంది.

ఇస్త్రీకి పనికొచ్చేది అర ఎంఎం అటూఇటూ మందం ఉన్న పల్చటి వెనీర్, వెనక కాగితం అంటించిందైతే పగలకుండా వస్తుంది కాబట్టి మొదటిసారి చేసేవాళ్లు అదే తీసుకోవడం మేలు. ఊళ్లో టింబర్ డిపోలో దొరక్కపోతే హైదరాబాద్‌లో వెనీర్లు మాత్రమే అమ్మే షాపుల్లో అడగండి. గమ్ మాత్రం మామూలు తెల్ల ఫెవికాలే చాలు. హార్డెనర్ (గమ్‌ను గట్టిపరిచే మందు) కలిపే రకాలు వద్దు, ఎందుకంటే ఈ పనంతా ఆరిన గమ్ వేడికి మళ్లీ మెత్తబడటం మీదే నడుస్తుంది.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. ప్లైకి, వెనీర్ వెనక్కి రెండిటికీ సమంగా గమ్ రాసి పూర్తిగా ఆరనివ్వాలి. తెల్లదనం పోయి అద్దంలా మెరవాలి, వేలు ఆనిస్తే అంటకూడదు. మే నెల ఎండలో అయితే అరగంటలో అయిపోతుంది, ముసురు పట్టిన రోజున గంట దాటినా అక్కడక్కడా తెల్లగానే ఉంటుంది, అలాంటప్పుడు ఇంకాసేపు ఆగండి. తడి ఉండగా ఇస్త్రీ పెడితే లోపల ఆవిరి పుట్టి బుడగలు లేస్తాయి. ప్లై అంచులు గమ్‌ను పీల్చేస్తాయి, వాటికి రెండో పూత తప్పదు.

తర్వాత వెనీర్‌ను నాలుగు వైపులా అర అంగుళం ఎక్కువ ఉండేలా పరిచి, ఇస్త్రీ పెట్టెను కాటన్ దగ్గర పెట్టి (నీళ్లు పూర్తిగా వంచేయండి, ఆవిరి అసలు వద్దు), పైన పాత నూలు గుడ్డ వేసి నడుమ నుంచి అంచులకు నెమ్మదిగా జరపండి. గుడ్డ బదులు న్యూస్ పేపర్ వేయకండి, సిరా చెక్కకు ఎక్కుతుంది. అసలు కిటుకు కుడిచేతిలో కాదు, ఎడమచేతిలో ఉంది: ఇస్త్రీ పెట్టె జరిగిన వెంటనే వెనకాలే నున్నటి చెక్కముక్కతో గట్టిగా నొక్కుతూ రావాలి. వేడి గమ్‌ను మెత్తబరుస్తుంది అంతే, అతుక్కునేది చల్లారేటప్పుడు.

అయిపోయాక గోటితో తడుతూ వెళ్లండి. డొల్ల శబ్దం వచ్చిన చోట మళ్లీ వేడి పెట్టి నొక్కండి. అయినా లేస్తే చెక్క చారల వెంబడే బ్లేడుతో సన్నగా కోసి, సిరంజితో గమ్ ఎక్కించి, పైకి వచ్చింది తుడిచేసి నొక్కితే కోత కూడా కనపడదు.

ఇంకో మాట. వేడికి వెనీర్ కాస్త ముడుచుకుంటుంది, అందుకని పక్కపక్కన వేసే రెండు ముక్కల్ని ముందే అంచుకు అంచు కోసి పెడితే మధ్యలో సందు తేలుతుంది. ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి, అతుకు దగ్గర మాత్రం వేడి పెట్టకుండా మిగతాదంతా అంటించి, చల్లారాక స్కేలు పెట్టి రెండింటినీ కలిపి కోయండి, తెగిన పీలికలు తీసేసి ఆ చోట చివరగా ఇస్త్రీ చేయండి. తలుపుల్లాంటి విడి పలకలకైతే వెనక వైపు కూడా ఏదో ఒక చవక వెనీర్ వేయాల్సిందే, ఒక్క వైపే వేస్తే పలక వంగిపోతుంది.

ప్రశ్న: కిచెన్ కబోర్డులకు ఇస్త్రీతో అంటించిన ఎడ్జ్ టేపు (ప్లై అంచు కనపడకుండా వేసే పట్టీ) పొయ్యి పక్కన, సింకు కింద ఊడొస్తోంది. మొత్తం మార్చాలా అని టెన్షన్‌గా ఉంది. (మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అవసరం లేదమ్మా. టేపు వెనకుండే గమ్ వేడితో అంటుకునేదే, కాబట్టి వేడికే వదులుతుంది. పొయ్యి పక్కన ఉన్న అంచుకు రబ్బరు సొల్యూషన్ లాంటి కాంటాక్ట్ గమ్ రెండు వైపులా రాసి, కాస్త ఆరాక అంటించండి. అది రాసేటప్పుడు, ఆరేటప్పుడు పొయ్యి ఆర్పి, సిలిండర్ కట్టేసి కిటికీలు తెరిచి ఉంచండి, ఆ వాసనకు నిప్పు అంటుకుంటుంది. మిగతా చోట్ల దుమ్ము తుడిచి మళ్లీ ఇస్త్రీ పెడితే చాలు. టేపు పీవీసీదైతే వేడి తగ్గించండి, లేకపోతే వంకర్లు పోతుంది.

సింకు కింద సంగతి వేరు. ప్లై అంచు ఉబ్బి ఉంటే ఏ టేపూ నిలవదు. ఆ పలక ఒక్కటి ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైతో (నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లై) మార్పించండి. మామూలు ప్లై మీద ఉండే ఐఎస్ 303 ముద్రలో ఎంఆర్ రకం (కాస్త తేమను మాత్రమే తట్టుకునేది) నీళ్లు కారే చోటుకు కాదు.

పలక దాటి మిగిలిన టేపు అంచు కోసేటప్పుడు ఆకురాయిని పలక వైపుకే తోయాలి, పైకి లాగితే టేపు లేచొస్తుంది.

ప్రశ్న: వెనీర్‌కు పాలిష్ ముందు మెషీన్‌తో రుద్దవచ్చా? (వనపర్తి)

జవాబు: వద్దు. అర ఎంఎం చెక్క అది, మెషీన్ పెడితే కింద ప్లై బయటపడుతుంది. 180, తర్వాత 220 నంబరు గరుకు కాగితంతో చారల వెంబడి చేత్తోనే రుద్దండి. పైన గమ్ మరకలుంటే అక్కడ రంగు పట్టక తెల్లగా మిగులుతుంది, కాబట్టి రంగు వేయకముందే వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూసి గీకేయండి.