బ్లూ ట్యాంగ్‌కు మూడడుగుల తొట్టి చాలుతుందా?

ప్రశ్న: మా ఇంట్లో చాలాకాలంగా మంచినీటి చేపలను పెంచుతున్నాము. ఇప్పుడు ఉప్పునీటి అక్వేరియం పెట్టదలచి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తుగల తొట్టిని చూసి వచ్చాము. అందులో ఒక బ్లూ ట్యాంగ్, ఒక ఎల్లో ట్యాంగ్, ఒక జత క్లౌన్ ఫిష్ ఉండాలని పిల్లల కోరిక. తొట్టి ఎంత ఉంటే చేప అంతవరకే పెరుగుతుంది గనుక ఇబ్బంది లేదని దుకాణదారు అంటున్నారు. ఇది నిజమేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: నిజం కాదు. క్లౌన్ ఫిష్ జతకు మీరు చూసిన తొట్టి హాయిగా సరిపోతుంది గాని, ట్యాంగులు రెండింటిలో ఏ ఒక్కదానికీ సరిపోదు. ఇరుకు చోట, వ్యర్థాలు పేరుకున్న నీటిలో చేప ఎదుగుదల మందగించే మాట వాస్తవమే. అయితే అది చేప తొట్టికి తగినట్టు సర్దుకుపోవడం కాదు, గిడసబారిపోవడం. అలాంటి చేప రంగు వెలిసి, రోగాలకు లోనై, బతకవలసినన్నాళ్లు బతకకుండా పోతుంది.

దుకాణంలో రెండు మూడు అంగుళాలు మాత్రమే కనిపించే బ్లూ ట్యాంగ్ పూర్తిగా ఎదిగితే 30 సెంటీమీటర్ల వరకు, అంటే దాదాపు అడుగు పొడవు వరకు వస్తుంది. ఎల్లో ట్యాంగ్ 20 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. చేప పొడవు రెట్టింపైతే బరువు సుమారు ఎనిమిది రెట్లవుతుందని, తిండీ విసర్జనా ఆ బరువు వెంటే పెరుగుతాయని గుర్తుంచుకుంటే, ‘అంగుళం చేపకు ఒక గ్యాలను నీరు’ అన్న పాత లెక్క ఇలాంటి చేపలకు ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. తొట్టి కొనే ముందు చూసుకోవలసింది ఎదిగిన చేప కొలతనే.

నీరు ఎన్ని లీటర్లు పడుతుందన్నది ఒక్కటే చూస్తే చాలదు; చేప ఈదే తీరును కూడా గమనించాలి. క్లౌన్ ఫిష్ సముద్రంలో సైతం తాను ఆశ్రయించిన సీ అనిమోన్‌ను (పువ్వులా కనిపించే సముద్రజీవిని) విడిచి దూరం పోదు. ట్యాంగుల స్వభావం ఇందుకు పూర్తిగా వేరు. పగడపు దిబ్బల మీద మొలిచిన నాచును గీరుకుని తింటూ పగలంతా తిరుగుతూనే ఉండే ఎల్లో ట్యాంగ్‌కైనా, దిబ్బల వెలుపలి అంచున, ప్రవాహం బలంగా ఉండే చోట గుంపులుగా ఈదే బ్లూ ట్యాంగ్‌కైనా నేరుగా సాగిపోవడానికి నిడుపాటి చోటు కావాలి.

మీ కొలతలనే తీసుకుందాం. అడుగున్నర వెడల్పులో లైవ్ రాక్ (మేలుచేసే సూక్ష్మజీవులు నివసించే సముద్రపు రాళ్లు) అమరిక సుమారు అడుగు మేర ఆక్రమిస్తే, దానికీ ముందు అద్దానికీ నడుమ మిగిలేది ఆరంగుళాల సందు. అడుగు పొడవున్న చేప అందులో వెనుదిరగాలంటే ఒళ్లు వంచుకోవాలి. తోక నాలుగుసార్లు ఆడించేసరికి అవతలి అద్దం ఎదురవుతుంది. అప్పుడది మూతి అద్దానికి రాసుకునేటట్టు ఒకే మూలలో పైకీ కిందికీ గంటల తరబడి తిరుగుతూ ఉంటుంది. చూసేవారికి అది హుషారుగా కనిపించినా, నిజానికి అది చేప పడుతున్న యాతన. ఇలా నలిగిన ట్యాంగుకు ఒంటినిండా తెల్లని చుక్కలు లేచే జబ్బు సులువుగా పట్టుకుంటుంది. ఉప్పునీటి చేపలలో ఆ జబ్బుకు త్వరగా లోనయ్యేవి ఇవే. పైగా వీటికి తోక మొదట రెండు వైపులా కత్తివంటి ముల్లు ఉంటుంది. చోటు చాలని తొట్టిలో రెండు ట్యాంగులు తలపడితే బలహీనమైనది తప్పించుకోలేదు.

నా అభిప్రాయంలో ఒక్క ఎల్లో ట్యాంగ్‌కు కనీసం నాలుగడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు ఎత్తులు ఉండాలి. అందులో సుమారు 430 లీటర్లు పడతాయి. బ్లూ ట్యాంగ్‌కైతే పొడవు ఆరడుగులకు తగ్గకూడదు. రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తుతో అది 650 లీటర్ల తొట్టి అవుతుంది. మీరు చూసిన దానిలో పట్టేది 180 లీటర్లే. ఎత్తు పెంచి లీటర్ల లెక్క సరిచేయాలని మాత్రం చూడకండి. మంచినీటికంటే ఉప్పునీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, నీరు వేడెక్కితే మరింత తగ్గుతుంది. అది గాలినుంచి చేరవలసింది నీటి పైతలం మీదుగానే; ఎత్తు పెంచినా ఆ పైతలం పెరగదు. గోదావరి తీరపు ఎండలలో నీటిని 26 డిగ్రీల దరిదాపుల్లో ఉంచడానికి చిల్లరు, కరెంటు పోయినప్పుడు నీరు కదులుతూ ఉండటానికి పంపుకు ఇన్వర్టరు కూడా ఖర్చులో కలుపుకోండి.

ఇప్పటికి చిన్న తొట్టిలో ఉంచి తర్వాత పెద్దది కొందామనుకుంటే, ఆ ‘తర్వాత’ చాలా ఇళ్లలో రాదు. వచ్చినా, రాళ్ల సందుల్లో దూరిన ట్యాంగును పట్టడానికి అమరిక అంతా విప్పవలసి వస్తుంది. మూడడుగుల తొట్టే ఖాయమైతే క్లౌన్ ఫిష్ జతకు తోడు ఒక రాయల్ గ్రామా, ఒక ఫైర్ ఫిష్ పెట్టుకోండి. ఫైర్ ఫిష్ బెదిరితే బయటికి దూకుతుంది కనుక పైన వలమూత తప్పనిసరి. క్లౌన్ ఫిష్‌ను హేచరీలలో పుట్టించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కూడా రూపొందించింది. సముద్రంలో పట్టినవి కాక హేచరీలో పుట్టినవే అడిగి తీసుకోండి.

ప్రశ్న: అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఆరడుగుల ఉప్పునీటి తొట్టి పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇంజినీరును అడగకుండా పెట్టవద్దు. ఉప్పునీరే 650 కిలోలు దాటుతుంది. 12 మిల్లీమీటర్ల అద్దం సుమారు 120 కిలోలు, రాళ్లూ ఇసుకా మరో 100 కిలోలు. స్టాండు, దాని కింద ఉండే సంపు (నీటిని వడకట్టే అదనపు తొట్టి) కలిపితే మొత్తం టన్ను మించుతుంది. నివాస గదుల నేలకు మన భారతీయ ప్రమాణాలు లెక్కించే భారం చదరపు మీటరుకు 200 కిలోలు కాగా, ఈ తొట్టి ఆక్రమించే చోటు ఒక చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. అందువల్ల దూలాలు ఎటు నడిచాయో నక్షాలో చూపించి, భారం వాటిమీద పడేటట్టు గోడవారగా చోటు నిర్ణయింపజేసుకోండి. గది నడుమ గాని, ముందుకు పొడుచుకు వచ్చిన బాల్కనీలో గాని అసలే వద్దు. ఇంజినీరు కాదంటే బ్లూ ట్యాంగ్ ఆలోచన మానుకుని, నాలుగడుగుల తొట్టి బరువు గురించి ఆయననే అడిగి, ఏడంగుళాలు మించని కోలే ట్యాంగ్ ఒక్కదాన్ని పెంచుకోండి.