కీబోర్డు మార్చకండి, షార్ట్‌కట్ ఎవరి చేతికి పోతోందో చూడండి

వర్డ్‌లో పేరాను పైకి జరపడానికి ఆల్ట్, షిఫ్ట్, పై బాణం నొక్కుతుంటే ఉన్నట్టుండి టైపింగ్ భాష మారిపోతోందనీ, ఫొటోషాప్‌లో ఒక షార్ట్‌కట్ ఒకరోజు పనిచేసి మరోరోజు మొరాయిస్తోందనీ, కొత్త కీబోర్డు కొనాలా అనీ అడిగారు. కొనవద్దు. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో నేను నడుపుతున్న చిన్న డీటీపీ సెంటర్లో ఈ రెండు ఇబ్బందులూ పడ్డాను. రెండింటిలోనూ కీబోర్డు తప్పు లేదు.

విండోస్‌లో ఇంగ్లిషు, తెలుగు రెండూ పెట్టుకున్నవారికి సాధారణంగా ఎడమవైపు ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారుతుంది. వర్డ్‌లో అవే రెండింటికి బాణం తోడైతే పేరా కదులుతుంది. బాణం మీదికి వేలు వెళ్లేలోపే ఆ రెండూ వదిలేశామా, భాష మారిపోతుంది. ఒక స్థలం అమ్మకం దస్తావేజులో పేరాలు సర్ది, తల ఎత్తకుండా ఇంగ్లిషులో ‘ప్లాట్’ అని కొడితే తెర మీద ‘జతదూ’ అని పడింది. నేను వాడే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో పీ మీద జ, ఎల్ మీద త, ఓ మీద ద, టీ మీద కొమ్ము దీర్ఘం ఉంటాయి మరి. విండోస్ 11 సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్, ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ వరుసగా తెరిచి, చేంజ్ కీ సీక్వెన్స్‌లో నాట్ అసైన్డ్ ఎంచుకోండి. భాష మార్చుకోవడానికి విండోస్ కీ, స్పేస్‌బార్ ఎలాగూ ఉంటాయి.

రెండోది నన్ను ఎక్కువ ఏడిపించింది. ఫొటోషాప్‌లో సేవ్ యాజ్ కోసం కంట్రోల్, షిఫ్ట్, ఎస్ నొక్కితే ఏ పెట్టే తెరుచుకునేది కాదు. చాలా రోజుల తర్వాత పిక్చర్స్ ఫోల్డర్ తెరిస్తే, ఒకే పెళ్లికార్డు సగం పూర్తయిన బొమ్మలు పదుల్లో కనిపించాయి. గడియారం పక్కన కూర్చున్న స్క్రీన్‌షాట్ ప్రోగ్రాం ఆ కీలను తనవిగా నమోదు చేసుకుని, నేను నొక్కిన ప్రతిసారీ చప్పుడు లేకుండా తెరను ఫొటో తీసింది. ఏ కిటికీలో ఉన్నా పనిచేసేలా ఒక ప్రోగ్రాం విండోస్ దగ్గర హాట్‌కీ నమోదు చేసుకుంటే, ఆ నొక్కు దానికే చేరుతుంది, ఎదుట తెరిచి ఉన్న ప్రోగ్రాందాకా రాదు. అదే హాట్‌కీని మరో ప్రోగ్రాం కూడా అడిగితే విండోస్ కాదంటుంది కాబట్టి, ముందు నమోదు చేసుకున్నదే గెలుస్తుంది. ఒకరోజు పనిచేసి మరోరోజు చేయకపోవడానికి ఎక్కువగా కారణం ఇదే: ఆ కీలను పట్టుకున్న ప్రోగ్రాం ఆ రోజు నడుస్తోందా లేదా అన్నదే తేడా.

కనుక కిటికీలన్నీ కిందికి దించి, ఖాళీ డెస్క్‌టాప్ మీద అవే కీలు నొక్కండి. అక్కడా ఏదైనా జరిగితే దొంగ బయటివాడే. ఏమీ కనిపించకపోయినా నాకు జరిగినట్టు లోపల జరుగుతూ ఉండవచ్చు, కాబట్టి గడియారం పక్కనున్న ప్రోగ్రాంలను ఒక్కొక్కటిగా మూసి, ప్రతిసారీ ఫొటోషాప్‌లో మళ్లీ నొక్కి చూడండి. దొరికాక మార్చాల్సింది ఆ బయటి ప్రోగ్రాం షార్ట్‌కట్‌నే అని నా గట్టి అభిప్రాయం. రోజంతా వాడే ప్రోగ్రాంలో వేళ్లకు అలవాటైనదాన్ని వదులుకోకండి.

వర్డ్‌లోనే కొత్తది పెట్టుకోవాలంటే ఆప్షన్స్‌లోని కస్టమైజ్ రిబ్బన్ కింద కీబోర్డ్ షార్ట్‌కట్స్ పక్కనున్న బటన్ నొక్కండి. కొత్త కీలు కొట్టగానే అవి ఇప్పటికే ఏ పనికి ఉన్నాయో అక్కడే కనిపిస్తుంది. అయితే అది వర్డ్ లోపలి సంగతి మాత్రమే చెబుతుంది, బయటి ప్రోగ్రాంలు పట్టుకున్నవి అందులో కనిపించవు.