భర్జనమూ భస్మీకరణమూ ఒకటేనా?

సందేహం: పదో తరగతిలో ఖనిజాల నుంచి లోహాలు తీసే పాఠంలో భర్జనం (రోస్టింగ్), భస్మీకరణం (కాల్సినేషన్), ప్రగలనం (స్మెల్టింగ్) అని మూడు మాటలున్నాయి. మూడూ రాయిని కాల్చడమే కదా, ఒకదాని బదులు ఇంకొకటి వాడితే తప్పా? వార్తల్లో 'స్మెల్టర్'ను 'ప్రగలన కేంద్రం' అనవచ్చా?

సమాధానం: తప్పే. నిప్పు మూడింటికీ ఉమ్మడి గాని, లోపల జరిగే పని వేరు.

భర్జనం అంటే వేపడం. 'భ్రస్జ్' ధాతువు నుంచి వచ్చింది (ఇక్కడ ధాతువంటే వ్యాకరణంలోని పదమూలం, గనిలో దొరికే ముడి ఖనిజం కాదు). శనగలు వేపేటప్పుడు కలియబెడుతూ ఉంటాం, మాడనివ్వం. సల్ఫైడు ఖనిజానికీ, అంటే గంధకం కలిసిన ఖనిజానికీ అంతే. జింక్ బ్లెండ్ అనే జింకు సల్ఫైడు ఖనిజపు పొడిని కరగనివ్వకుండా, గాలి బాగా ఆడేలా వేడిచేస్తే గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా పోయి జింక్ ఆక్సైడ్ మిగులుతుంది. వేడి మితిమీరితే రేణువులు అతుక్కుని గడ్డకడతాయి. నడుమకు గాలి అందక గంధకం అక్కడే ఉండిపోతుంది. ఈ మాట పెట్టినవారిని మెచ్చుకోవాలి.

భస్మీకరణం అంత బాగా కుదరలేదు. భస్మం కానిదాన్ని భస్మం చేయడమని వ్యుత్పత్తి. వినగానే బూడిద కళ్లముందు కదులుతుంది. సున్నం బట్టీలోంచి దిగేది బూడిద కాదు, బరువు తగ్గిన రాతిముక్కలు. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోయి 56 కిలోల పొడిసున్నం వస్తుంది. సరిగా కాలని ముక్క నడుమ పచ్చిరాయి మిగిలి, నీళ్లు పోసినా ఉడకదు. మరీ మాడిన ముక్క గోడకు పూశాక, తీరిగ్గా ఉడికి ఉబ్బుతుంది; పూత పెచ్చులూడుతుంది. ఇంగ్లీషువారి 'కాల్సినేషన్' సున్నం అనే అర్థమున్న లాటిన్ 'కాల్క్స్' నుంచి పుట్టింది. మనవాళ్లు సున్నాన్ని వదిలి భస్మాన్ని పట్టుకున్నారు. వైద్యుల లోహభస్మాలు అలవాటైన నేల కాబట్టి కాబోలు.

భస్మీకరణానికి 'గాలి లేకుండా వేడిచేయడం' అని పాఠంలో నిర్వచనం. మరి బట్టీలో మంటకు గాలి కావాలిగా? కావాలి. అయితే అది మంటకే, రాయికి దానితో పనిలేదు. గుర్తుపట్టడం ఇలా: భర్జనంలో గాలిలోని ఆక్సిజన్ వచ్చి ఖనిజంతో కలుస్తుంది. భస్మీకరణంలో ఖనిజంలో ఉన్న వాయువో, నీరో బయటికి పోతుంది, అంతే.

ప్రగలనంలోని 'గల్'కు కారడం, జారడం అని అర్థం. అలాగని కంసాలి మూసలో బంగారం కరిగించడం ప్రగలనం కాదు; బంగారం బంగారంగానే ఉంది. ఆక్సైడ్ విడిపోయి లోహం కొత్తగా పుట్టి, కరిగిన రూపంలో దిగాలి. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే బ్లాస్ట్ ఫర్నేసులు చేసేది ఇదే. కోకు బొగ్గు నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ ఇనుప ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. కొలిమిలో వేసిన సున్నం, ఖనిజంలోని సిలికాతో (ఇసుకలో ఉండే పదార్థంతో) కలిసి చిట్టెమై, ఇనుముపైన తేలుతుంది. సున్నం చాలకపోతే చిట్టెం జిగటెక్కి సరిగా కారదు. పాఠంలో దీన్ని 'లోహమలం' అన్నారు. ఆ మలం లోహానిది కాదు, రాతిది! కమ్మరికి తెలిసిన చిట్టెం ఉండగా ఈ సమాసం ఎందుకో.

ఇక స్మెల్టర్. ఇంగ్లీషులోనే ఈ మాటను వదులుగా వాడతారు. అల్యూమినియం స్మెల్టర్‌లో కోకు వేసి మండించే కొలిమి ఉండదు. కరిగిన క్రయోలైట్ అనే ఖనిజంలో అల్యూమినాను (అల్యూమినియం ఆక్సైడ్‌ను) కలిపి, విద్యుత్తు పంపి లోహం తీస్తారు. విశాఖలో ఒకప్పుడు నడిచిన జింక్ స్మెల్టర్‌లో, వేపిన ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరగదీసి విద్యుద్విశ్లేషణతో జింకు రాబట్టేవారు. అక్కడ భర్జనం ఉంది, ప్రగలనం లేదు. కనుక వార్త రాసేవారు 'జింకు కర్మాగారం', 'అల్యూమినియం కర్మాగారం' అంటే సరిపోతుంది. 'స్మెల్టర్' అనే ఉంచినా నాకు అభ్యంతరం లేదు. 'ప్రగలన కేంద్రం' మాత్రం రాగి, సీసం లాంటివి నిజంగా కొలిమిలో కరిగి దిగే చోటికే ఉంచండి.